తీగకు రెండో కొస

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ సుఖం, నాకూ సుఖం. ముప్పై ఏళ్లకు కాస్త తక్కువగా ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చేసి, మొన్న వేసవిలోనే రిటైరయ్యాను. వీడ్కోలు రోజున కేకు కోస్తుంటే మా టీమ్ పిల్లలు ఒకరి చెవిలో ఒకరు "ఇక ఛార్జరు నేల మీద పడేసినా తిట్టేవాళ్లు లేరు" అనుకోవడం నాకు వినపడింది. వినపడనట్టే నటించాను. ఆ ఒక్క రోజుకీ కోపానికి సెలవిచ్చాను.

కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మీ సర్వీసులో పెద్ద అవుటేజ్ ఏది? ఎలా పట్టుకున్నారు?" అని అడుగుతుంటారు. వాళ్లకి కావలసింది వీరగాథ. అలాంటివి నా దగ్గర ఓ మూడు నాలుగు ఉన్నాయి, అడిగితే చెబుతాను, కాస్త మసాలా కూడా వేస్తాను. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చేది అవేవీ కాదు. గచ్చిబౌలి ఆఫీసులో, నాలుగో అంతస్తులో, మూడు మూరల తీగ వల్ల నలభై నిమిషాలు నెట్‌వర్క్ పడిపోయిన రోజు. తప్పు పట్టుకున్నదీ నేనే, చేసిందీ నేనే. అందుకే ఆ కథ ఎవరికీ చెప్పలేదు.

తీగలంటే నాకు పిచ్చి. ఇంట్లో బీరువా ఎలా ఉన్నా పట్టించుకోను గానీ, ఆఫీసులో తీగ వేలాడుతూ కనపడితే ప్రాణం ఊరుకోదు. ప్రతి బల్ల దగ్గరా ఉండే సాకెట్టు నుంచి ఓ తీగ బయల్దేరి, ఆ అంతస్తు మూలనున్న చిన్న గదిలోకి వెళుతుంది. అక్కడ రాక్ అనే ఇనుప చట్రానికి బిగించిన స్విచ్‌లు, అంటే ఆ తీగలన్నిటినీ ఒకదాంతో ఒకటి కలిపే పెట్టెలు, ఉంటాయి. ఒక్కో అంతస్తులో వందల తీగలు. నా స్విచ్ గదుల్లో అవన్నీ దువ్వి అల్లిన జడల్లా ఉండేవి. ప్రతి తీగకీ రెండు వైపులా చీటీ అంటించి, ఏది ఎక్కడికి పోతుందో రాసేదాన్ని. పక్క బిల్డింగుల వాళ్లు కూడా వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్లు. గొప్పలు కావు, నిజం.

మా అక్క నాకు పరిచయమైంది కూడా తీగ దగ్గరే. అక్క అంటే మా అంతస్తు హౌస్‌కీపింగ్ మనిషి. వయసులో నాకంటే పన్నెండేళ్లు చిన్నదే, అయినా ఆఫీసంతా అక్కా అంటుంటే నాకూ అక్కే అయింది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి పుప్పాలగూడలో కిరాయికి ఉంటోంది. భర్త తెల్లాపూర్‌లో ఏదో పెద్ద గేటెడ్ కమ్యూనిటీకి వాచ్‌మన్.

ఓ రోజు పొద్దున నేను వెళ్లేసరికి నా సీటు దగ్గర నేల తుడుస్తోంది. తడి నేల మీద ఓ నెట్‌వర్క్ తీగ కొస పడి ఉంది. ఇక నాకు పూనకం వచ్చేసింది.

"ఎవరమ్మా ఇది! తీగని నీళ్లలో పడేసి తుడుస్తారా ఎవరైనా?"

ఆమె లేచి నిలబడింది. భయపడలేదు, ఎదురు తిరగలేదు కూడా. "నేను పడెయ్యలే మేడం. ముందుగాలనే కింద వడి ఉన్నది. ముట్టుకుంటే ఏమంటరో అని దాని సుట్టూత తుడుస్తున్న" అంది.

చూస్తే నిజమే. తీగ చుట్టూ జానెడు మేర నేల పొడిగా ఉంది. కోపం వచ్చినంత తొందరగానే పోవడం నా జబ్బులో రెండో భాగం. ఆమె పక్కనే కూర్చుని, తీగ కొస చేతికిచ్చి చూపించాను. "ఇదిగో, ఈ చిన్న క్లిప్పు ఉంది చూశావా? టిక్కుమనేదాకా నొక్కాలి. ఇక నుంచి ఎక్కడ తీగ వేలాడుతూ కనపడినా తీసి దాని సాకెట్లో పెట్టెయ్. నన్ను అడగక్కర్లేదు."

"నిజంగనా మేడం? నేను పెట్టొచ్చునా?"

"నేను చెప్తున్నాగా."

ఆ రోజు నుంచి నా అంతస్తులో తీగ నేలమీద కనిపిస్తే ఒట్టు. స్విచ్ గదిలోకి బయటివాళ్లని రానిచ్చేవాళ్లం కాదు గానీ, నేను పట్టుబట్టి ఆమెకి పర్మిషన్ ఇప్పించాను. నేను పక్కన నిలబడి ఉండగా వారానికోసారి దుమ్ము తుడిచేది. లోపలికొచ్చే ముందు గుమ్మం దగ్గర చెప్పులు విడిచేది.

"లోపల దేవుడు లేడక్కా, చెప్పులేసుకునే రా" అన్నాను నవ్వుతూ.

"మీరు గంత పానం వెట్టి సూసుకుంటరు గద. మా ఇంట్ల దేవుని అర్ర లెక్కనే అనిపిస్తది" అంది. నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని, ఆమె ఎల్లమ్మకి మొక్కేది. ఆ గదిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే భక్తి.

ఇంకో అలవాటుండేది ఆమెకి. రాత ఉన్న కాగితం ఎంత చిన్నదైనా చెత్తలో వేసేది కాదు. బల్ల కింద పడినవన్నీ ఏరి, దులిపి, ఎవరి సీట్లో వాళ్లకి పెట్టేది. ఇంగ్లీషు చదవలేదు. "సదువు రానోళ్లకే భయం మేడం, ఏది పనికొచ్చేదో ఎరుక గాదు గద" అనేది.

ఇక అసలు సంగతి. జనం ఇళ్ల నుంచి మళ్లీ ఆఫీసులకి రావడం మొదలైన రోజులవి. నాలుగో అంతస్తు ట్రైనింగ్ హాల్లో కొత్త బ్యాచ్‌కి మూడు రోజుల క్లాసు పెట్టారు. ట్రైనర్ అభ్యాసం కోసం తన చిన్న స్విచ్‌లు తెచ్చుకున్నాడు. వాటిని గోడ సాకెట్టుకి తగిలించగానే మా స్విచ్ ఆ దారి మూసేస్తోంది. అది దాని తప్పు కాదు, నేను పెట్టిన కాపలా. మా స్విచ్ రెండేసి సెకన్లకోసారి ప్రతి సాకెట్టులోంచీ చిన్న కబురు పంపిస్తుంది. ఆ కబురు తిరిగి తన దగ్గరికే వచ్చినా, ఇంకో స్విచ్ నుంచి అలాంటిదే వచ్చినా, ఎక్కడో ఏదో తేడా ఉందని ఆ దారికి తాళం వేస్తుంది. ట్రైనర్ గంటకోసారి "మేడమ్, మళ్లీ పోయింది" అంటూ వచ్చి నా ప్రాణం తీశాడు. మూడోసారి విసుగొచ్చి, ఆ హాల్లోని పన్నెండు సాకెట్లకి కాపలా తీసేశాను. కబుర్లు పంపొద్దు, వచ్చినవి వినొద్దు అని స్విచ్‌కి చెప్పేశాను. మూడు రోజులేగా, తర్వాత మళ్లీ పెడదామనుకున్నాను.

మర్చిపోకుండా పచ్చ రంగు చీటీ మీద ఇంగ్లీషులో రెండు లైన్లు రాసి మానిటర్ అంచుకి అంటించాను. క్లాసు అయిపోయింది. ట్రైనర్ వెళ్లిపోయాడు. నా మానిటర్ మీద చీటీ కూడా వెళ్లిపోయింది. నా బుర్రలోంచి ఆ పన్నెండు సాకెట్లూ వెళ్లిపోయాయి.

తర్వాతి సోమవారం పదిన్నరకి నాలుగో అంతస్తు కుప్పకూలింది.

ముందు ఫోన్లు ఆగిపోయాయి. విదేశంలో ఎక్కడో ఆసుపత్రులకి అపాయింట్‌మెంట్లు ఇచ్చే టీము ఆ అంతస్తులోనే కూర్చుంటుంది. ఆ పిల్లలందరూ హెడ్‌సెట్లు తీసి లేచి నిలబడ్డారు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. మా మేనేజరు నాకన్నా చిన్నవాడు, మంచివాడు, కాకపోతే క్లయింట్ పేరెత్తితే ముచ్చెమటలు పడతాయి.

నా పక్క సీటు ఇంజనీరు కరీంనగర్ అబ్బాయి. ఇద్దరం స్విచ్ గదికి పరిగెత్తాం. తలుపు తీయగానే అతను ఆగిపోయాడు. "మేడమ్, లైట్లు చూసిన్రా? అన్నీ ఒక్కతీరుగ కొట్టుకుంటున్నయ్."

ఈ పని చేసినవాళ్లకి ఆ దృశ్యానికి అర్థం ఒకటే. ఎక్కడో లూప్ పడింది. స్విచ్‌లోంచి బయటికెళ్లిన మాట తిరిగి స్విచ్‌లోకే వస్తోంది. వచ్చిందాన్ని అది మళ్లీ అన్ని వైపులకీ చెబుతోంది. అదంతా మళ్లీ తిరిగొస్తోంది. ఆ అరుపుల్లో అసలు మాట ఒక్కటీ ఎవరికీ చేరదు.

దూరం నుంచి లాగిన్ అవ్వడం కుదరదు గనక రాక్ పక్కనే నేల మీద చతికిలబడి, ల్యాప్‌టాప్ నేరుగా స్విచ్‌కి తగిలించి, ఒక్కో దారీ మూసుకుంటూ వెళ్లాం. నలభై నిమిషాలకి దొరికింది. ట్రైనింగ్ హాలు, ఏడు, ఎనిమిది నంబర్లు. నా చీటీల పుణ్యమా అని ఆ సాకెట్లు ఎక్కడున్నాయో వెతకక్కర్లేకపోయింది.

హాల్లోకి వెళ్లి చూశాను. ట్రైనర్ వదిలేసి పోయిన తీగ. ఒక కొస ఏడో సాకెట్టులో ఉంది. రెండో కొస పక్కనే ఎనిమిదో సాకెట్టులో, టిక్కుమనేదాకా నొక్కి ఉంది. మధ్యలో మిగిలిన తీగని గుండ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది.

ఆ చుట్ట చూడగానే ఎవరి చెయ్యో తెలిసిపోయింది. ఎందుకంటే అలా చుట్టడం నేర్పింది నేనే. తీగకి రెండో కొస కూడా ఉంటుందని, పెట్టే ముందు అదెక్కడుందో చూడాలని మాత్రం నేర్పలేదు. అది కూడా చెప్పాలా అనుకున్నాను.

తీగ పీకేశాను. నెట్‌వర్క్ ఊపిరి పీల్చుకుంది. కరీంనగర్ అబ్బాయి శుభవార్త చెప్పడానికి మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. నేను ఒక్కదాన్నే స్విచ్ ముందు కూర్చున్నాను. అయినా కాపలా ఉండగా ఇలా ఎలా అయిందబ్బా అనుకుంటూ ఏడో సాకెట్టుకి స్విచ్‌లో రాసి ఉన్న లైన్లు తెరిచి చూశాను.

కాపలా లేదు. నేనే తీసేశాను. తిరిగి పెట్టలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది. తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. ఆ లైన్లు తీసేసి, పన్నెండు సాకెట్లకీ కాపలా తిరిగి పెట్టి, సేవ్ కొట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. మరుక్షణంలో ఆ స్విచ్ ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు ఉంది.

అలా ఎందుకు చేశానో కూడా చెప్పాలి. ఆ నెలలోనే టీమ్ లీడ్ ఎవరో ప్రకటించబోతున్నారు. ఎనిమిదేళ్లుగా ఎదురు చూస్తున్న కుర్చీ. నా పేరు దాదాపు ఖాయమైందని మేనేజరే చెవిలో వేశాడు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లే ఉంది, ఇప్పుడు రాకపోతే ఇక రాదు. పైగా ఇన్నేళ్లలో నా చేతి మీదుగా ఒక్క అంతస్తు కూడా పడిపోలేదని నాకు మహా గీర.

మధ్యాహ్నం మేనేజరు గదికి అక్కని పిలిపించారు. హౌస్‌కీపింగ్ ఏజెన్సీ సూపర్‌వైజరు కూడా వచ్చాడు. నేను మేనేజరు పక్కన కుర్చీలో ఉన్నాను. ఆమె తలుపు దగ్గర నిలబడింది, ఎవరూ కూర్చోమనలేదు.

సూపర్‌వైజరు అందుకున్నాడు. "వైర్లు నిన్నెవరు ముట్టుకోమన్నరు? సార్లందరు ఎంత పరేషాన్ అయిన్రో ఎరుకనా? ఎవరు చెప్పిన్రు నీకు?"

అదీ ప్రశ్న. ఆ జవాబులో ఉన్నది నేను. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత నేల చూసింది.

"ఎవ్వరు చెప్పలే సార్. ఏలాడుతుంటే నేనే వెట్టిన."

నేను నోరు విప్పలేదు. నేనండీ, చిన్న ఛార్జరు కోసం అంతస్తు ఎగిరిపోయేలా అరిచే మనిషిని, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నదానిలా కూర్చున్నాను. సూపర్‌వైజరు చెయ్యి చాపాడు. ఆమె మెడలోంచి కార్డు తీసి, దాని తాడు మడత పెట్టి ఇచ్చింది. మా బిల్డింగుకే కాదు, ఆ ఏజెన్సీ చూసే ఏ ఆఫీసుకీ ఇక ఆమెని పంపరని బయటికి నడుస్తూ చెప్పాడు. మా రోడ్డులో సగం బిల్డింగులు ఆ ఏజెన్సీవే.

అవుటేజ్ అయితే కారణం రాసి క్లయింట్‌కి పంపాలి. ఆ రిపోర్టు రాసేది నేనే. "హౌస్‌కీపింగ్ సిబ్బంది పొరపాటున తీగ రెండు కొసలూ గోడకి పెట్టడం వల్ల" అని రాశాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు. అదే దాన్లో ఉన్న దరిద్రం.

ఇంటికొచ్చాక నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను. చీటీ ఉంటే నాకు గుర్తుండేది కదా. ఆ చీటీ ఎక్కడికి పోయింది? కింద పడి ఉంటుంది. పడితే ఎవరి చీపురుకి పోయి ఉంటుంది? అలా చివరికి ఆ తప్పు కూడా ఆమె ఖాతాలోనే వేసి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్లి కూర్చున్నాను. బల్ల మీద అప్పటికే సన్నగా దుమ్ము. ఆమె రాలేదు కదా మరి. గుడ్డ కోసం వెతుకుతూ, బల్ల మూలన ఏళ్లుగా ఎవరూ వాడని పాత డెస్క్ ఫోన్ పక్కకి జరిపాను.

దాని మీద నా పచ్చ చీటీ ఉంది.

కింద పడిన చీటీని అక్క ఏరి, మళ్లీ పడిపోకుండా నాలుగు అంచులకీ సెలోటేపు వేసి, ఫోన్ మీద నిలువుగా అంటించింది. దుమ్ము తుడిచి మరీ అంటించింది. ఆమె లెక్కలో బల్ల మీద ముఖ్యమైన వస్తువు ఫోనే. అక్కడైతే మేడం కంట పడుతుందనుకుంది. ఆ ఫోన్ నేనెప్పుడూ ఎత్తనని ఆమెకేం తెలుసు?

అక్కడే కూర్చుని ఏడ్చాను. నా తప్పు గుర్తు చేయడానికి ఆఫీసులో ఒకే ఒక్క మనిషి ప్రయత్నం చేసింది. ఆ మనిషినే నేను బయటికి పంపించాను.

మొహం కడుక్కుని మేనేజరు గదికి వెళ్లాను. చీటీ తీసుకెళ్లడానికి కుదర్లేదు, టేపు ఊడి రాలేదు. ఫోనే పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి మేడమ్?"

"నిన్నటి అవుటేజ్‌కి కారణం. కాపలా తీసేసింది నేను. తిరిగి పెట్టడం మర్చిపోయింది నేను. అది ఉండి ఉంటే ఆమె తీగ పెట్టగానే ఆ ఒక్క సాకెట్టు మూసుకుపోయేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. తీగ వేలాడితే పెట్టెయ్యమని ఆమెకి చెప్పింది కూడా నేనే."

ఆయన ఫోన్ దగ్గరికి లాక్కుని చీటీ చదివాడు. "రిపోర్టు క్లయింట్‌కి వెళ్లిపోయింది కదండీ."

"ఇంకోటి పంపుదాం."

"మేడమ్, ఇప్పుడు మీరిది రాస్తే లీడ్ సంగతి మర్చిపోవాల్సిందే. నా చేతుల్లో ఉండదు. ఆలోచించుకోండి. ఆవిడకి వేరే చోట ఎక్కడో ఒక చోట పని దొరుకుతుంది."

"నాకు నిద్ర ఎక్కడ దొరుకుతుందండీ?" అన్నాను. గట్టిగానే అన్నాను. గాజు తలుపు అవతల ఇద్దరు తలలు తిప్పారు.

రెండో రిపోర్టు రాశాను. వెళ్లింది. ఏమేం జరగాలో అన్నీ జరిగాయి. క్లయింట్ కాల్‌లో గంటసేపు తల వంచుకుని కూర్చున్నాను. టీమ్ లీడ్ కుర్చీ ఇంకొకరికి వెళ్లింది. మూడు నెలలు స్విచ్‌ల మీద మార్పులు చేసే అధికారం తీసేశారు. నేను కట్టిన నెట్‌వర్క్‌లో నా పాస్‌వర్డే చెల్లలేదు. బాధ లేదంటే అబద్ధం. చాలా బాధపడ్డాను. కానీ ఆ మూడు నెలలూ నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఆమె తప్పేం లేదని మేనేజరు ఏజెన్సీకి మెయిల్ పెట్టాడు. ఆ మాత్రం పుణ్యం కట్టుకున్నాడు, పాపం. కానీ రెండ్రోజులైనా ఆమె రాలేదు. సూపర్‌వైజరుని అడిగితే, "ఫోన్ లేపుతలేదు మేడం. కార్డు గుంజుకున్నంక ఎవరు లేపుతరు?" అన్నాడు. గుంజుకున్నది నువ్వే కదా అని అడిగే హక్కు నాకు లేదని ఊరుకున్నాను. ఇల్లెక్కడో చెప్పించుకుని, బైక్ టాక్సీ ఎక్కాను. యాభయ్యారేళ్ల మనిషిని, నెత్తిన ఎవరిదో హెల్మెట్, చున్నీ నడుముకి ముడేసుకుని, ప్రతి గుంతకీ ప్రభువా ప్రభువా అనుకుంటూ పుప్పాలగూడ చేరాను.

పాత ఊళ్లో, కొత్త అపార్ట్‌మెంట్ల నీడ పడే సందులో ఒకటే గది. తలుపు తీసి నన్ను చూసి బిత్తరపోయింది. నోటి మీద వేలు పెట్టి, "మెల్లగ మేడం. ఆయన డ్యూటీ చేసొచ్చి పండుకున్నడు" అంది. గోడ వారన చాప మీద ఆమె భర్త నిద్రపోతున్నాడు. గోడకి మేకు, మేకుకి ఫోన్ ఛార్జరు, గుండ్రంగా చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

అలా నా జీవితంలో చెప్పిన అతి పెద్ద క్షమాపణ గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. నాకు గుసగుసలు చేతకావు. రెండుసార్లు ఆమె మళ్లీ నోటి మీద వేలు పెట్టింది. కాపలా సంగతి, చీటీ సంగతి, గదిలో నోరు మూసుకుని కూర్చున్న సంగతి, రిపోర్టు సంగతి, అన్నీ చెప్పాను.

"మరి నేను చెప్పానని ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే మీ నౌకరి గూడ పోతదేమో అనుకున్న. మీరు రిటైరయ్యేకాడికి వచ్చిన్రు. నాదంటే యాడనన్న దొరుకుతది. ఇద్దరం పోయి ఏం జేస్తం?"

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలే? మస్తుగ వచ్చింది." ఆమె గొంతు కూడా కాస్త లేచింది. మళ్లీ తగ్గించుకుంది. "మీరు తప్పు ఒప్పుకుంటరని సూడలే మేడం. మీ తప్పున్నదనే నాకెరుక లేదు. ఒక్క మాట అంటరేమో అని సూసిన. ఈ మనిషి మంచిది, కావాలని చెయ్యదు అని, గా ఒక్క మాట. అనకపోతిరి."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఏడుపు చప్పుడు రాకుండా చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఆమె "ఇగ ఊకోర్రి. చాయ్ తాగుతరా?" అని లేచింది. స్టవ్ ముట్టిస్తూ వెనక్కి తిరగకుండానే, "పొయ్యేటప్పుడు బైకు మీద పోకుర్రి. ఆటో దొరుకుతది" అంది.

నాలుగో రోజున పనిలోకొచ్చింది. గేటు దగ్గర కార్డు పెట్టినప్పుడు నేను కావాలనే ఎదురుగా నిలబడ్డాను. పచ్చ లైటు వెలిగి గేటు తెరుచుకుంది. ఆమె నన్ను చూసి నవ్వింది గానీ, పాత నవ్వు కాదు.

తీగ మాత్రం ముట్టుకోలేదు. ఎక్కడైనా కొస వేలాడుతుంటే దాని పక్కనే నిలబడి, "మేడం, ఏలాడుతుంది" అని పిలిచేది. నేను వెళ్లి కూర్చుని, రెండో కొస ఎక్కడుందో వెతికి, చూసుకుని పెట్టేదాన్ని. "రా అక్కా, ఈసారి సరిగ్గా నేర్పిస్తాను" అంటే, "వద్దు మేడం, మీరే వెట్టుర్రి" అనేది. ఒకసారి కాదు, పదిసార్లు అడిగాను. వద్దనే అంది. ఎన్ని ఛార్జర్ల మీద అరిచినా, ఆ ‘వద్దు’ మీద నాకు కోపం రాలేదు. పక్కనే నిలబడి నేను పెట్టేది చూసేది, అంతే. రెండేళ్లు అలాగే గడిచాయి.

పిల్లలూ, మీరు నాకంటే తెలివైనవాళ్లు. మీ స్విచ్‌లు వాటంతట అవే సర్దుకుంటున్నాయి, మీ రిపోర్టులు కూడా మెషీన్లే రాసేస్తున్నాయట. మంచిదే. రిపోర్టులో మనిషి పొరపాటు అని కనపడినప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఆ మనిషికి ఆ పని నేర్పిందెవరో అడగండి. ఇంతకంటే నీతి చెప్పే అర్హత నాకు లేదు. తర్వాత బ్లేడుతో మెల్లగా ఒలిచి తీసిన ఆ చీటీ ఇప్పటికీ నా బైబిల్లో ఉంది, టేపుతో సహా.

చివరి రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. కేకు అయిపోయింది, ల్యాప్‌టాప్ అప్పగించేశాను. నా సీట్లోకి రాబోయే అమ్మాయి కోసం కొత్త డాక్, అదే ల్యాప్‌టాప్ తగిలించే చిన్న డబ్బా, అప్పటికే బల్ల మీద పెట్టారు. నా పాత డాక్ తీసేసినప్పుడు ఊడిన తీగ బల్ల అంచు నుంచి వేలాడుతోంది. సంచి సర్దుకునే తొందరలో నేను చూసుకోలేదు. అక్క గుడ్డ పట్టుకుని వచ్చింది. చూసింది. పిలుస్తుందనుకున్నాను.

పిలవలేదు. కొస చేతిలోకి తీసుకుంది. రెండో చేతి వేళ్లతో తీగని తడుముకుంటూ బల్ల కిందికి వెళ్లింది. మోకాళ్ల మీద వంగి, నేలలో ఉన్న సాకెట్టు దాకా వెళ్లి, అక్కడ చీటీ మీద వేలు పెట్టి చూసింది. మెల్లగా లేచింది. మోకాళ్లు దులుపుకుంది.

"ఆ కొస నేలల ఉన్నది మేడం" అంది. "గీ కొస గోడకు పోవద్దు. గీ డబ్బలకే పోవాలె. పెట్టాల్నా?"

తలూపాను.

టిక్కుమంది. డాక్ మీద పచ్చ లైటు వెలిగింది. ఇద్దరం కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాం.